నాలుగో నంబరు ట్రాము

తెల్లారి నాలుగున్నర.
టాలిన్‌లో బయట మైనస్ పద్నాలుగు.
ట్రాము కేబిన్‌లో నేను
కోటు విప్పి, స్కార్ఫు విప్పి,
పక్క అద్దం బెత్తెడు జరిపి
మంచుగాలికి మెడ అప్పగిస్తాను.
మొదటి స్టాపులో ఎక్కే రొట్టెల కుర్రాడు
"ఉర్వె, నీకు చలి లేదా?" అంటాడు.
ఏం చెప్పను వాడికి,
యాభై ఆరేళ్ళ ఒంట్లో ఎవరో పొయ్యి రాజేసి
ఆర్పడం మరిచి వెళ్ళిపోయారని.

నెలనెలా వచ్చే నెత్తురు
చెప్పాపెట్టకుండా మానేసిన ఏడాదే
నెత్తురులోకి చక్కెర చేరింది.
ఒకరు ఇల్లు ఖాళీ చేస్తూ
ఇంకొకరి చేతిలో తాళంచెవి పెట్టినట్టు.
వేలి కొసన సూది, ఎర్రటి చుక్క,
తొమ్మిది పాయింట్ ఒకటి.
రాసుకుంటాను,
ట్రాము ఆలస్యమైన నిమిషాలు రాసే పెన్నుతోనే.

డాక్టర్ పిల్వి
ప్రతి మాటకీ ముందు బ్రేకు చూసుకునే మనిషి.
"ఈ పట్టీ ఆవిర్లకి, నిద్రకి.
కొందరిలో చక్కెర కూడా కాస్త దిగుతుంది, నిజమే.
దానికోసమని మాత్రం రాయను.
నీ షుగరు మాత్ర నీదే, నీ నడక నీదే."
రొమ్ముల పరీక్షకి పంపింది.
కాళ్ళలో ఎప్పుడైనా రక్తం గడ్డకట్టిందా అంది.
అమ్మ దేంతో పోయిందని అడిగింది.
రాత్రికి ఒక గుళిక కూడా ఇచ్చింది,
ఇంకా ఉన్న గర్భసంచికి కాపలాగా.

నడుము కింద, ఎవరికీ కనపడని చోట
తపాలా బిళ్ళంత పట్టీ.
వారానికి రెండు.
నన్ను ఏ చిరునామాకి పంపుతున్నారో!

మూడో వారం ఒక రాత్రి
దిండు తడవలేదు.
లేచి, నమ్మకం లేక, తిరగేసి చూశాను.
రెండు నెలలకి
ఏడు పాయింట్ ఎనిమిది.
పట్టీ వల్లనా?
నిద్ర పట్టినందుకా?
నిద్ర రాని రెండింటప్పుడు
ఫ్రిజ్ వెలుగులో నిలబడి మింగే
మీగడ బన్ను మానేసినందుకా?
అంకె పెదవి విప్పదు.

అక్క మైమూ నాకంటే నాలుగేళ్ళు పెద్ద,
చక్కెరలోనూ పెద్దదే.
"దేవుడు మూసిన తలుపుని
ప్లాస్టరు ముక్కతో తెరుస్తావా?
పెరట్లో బిర్చి చెట్టుకి ముసలితనం రాలేదా,
మందు అడిగిందా?"
"బిర్చి చెట్టు ట్రాము నడపదు" అన్నాను.
ఆ పూట ఇద్దరం మాట్లాడుకోలేదు.

శనివారం అక్క ఇంట్లో సౌనా.
రాళ్ళ మీద నీళ్ళు పోస్తే బుస్సుమని ఆవిరి.
ఈ వేడిని మాత్రం నేనే పిలిచాను.
పొట్టలు ఒళ్ళో పెట్టుకుని
చిన్నప్పుడు కూచున్న బల్ల మీదే కూచున్నాం.
మంచులో దొర్లి వచ్చి తుడుచుకుంటుంటే
చేతికి తెలిసింది, నడుము ఖాళీ.
వెతికాం,
బల్ల కింద, బకెట్లో, తడి ఆకుల్లో.
చివరికి అక్క మడమకి అంటుకుని దొరికింది
నా మూడున్నర రోజుల నిద్ర.

కూలబడి నవ్వాం, గోడ పట్టుకుని.
అక్క ముందు ఆగింది.
గోటితో దాన్ని లేపి
దీపానికి పట్టి అటూ ఇటూ చూసింది.
"ఇంతేనా" అంది.
చాలాసేపటికి, మేజోళ్ళు వేసుకుంటూ,
నా వైపు చూడకుండా,
"రాత్రిళ్ళు నాకూ..." అని
మేజోడు సరిచేసుకుంది.
నేను ఏమీ అనలేదు.
డాక్టరు ఫోను నంబరు రాసి
జామ్ సీసా కింద పెట్టి వచ్చాను.

సోమవారం ఎనిమిది పాయింట్ రెండు.
ఆ జామే అయుంటుంది. రాసుకున్నాను.
కొత్త పట్టీ, రెండో వైపు.
కేబిన్ అద్దం మూసే ఉంది.
స్కార్ఫు మెడ మీదే ఉంది.
కుర్రాడు చేతులు రుద్దుకుంటూ ఎక్కి
"అబ్బ, చలి" అన్నాడు.
"అవునురా, చలి" అన్నాను,
ఇంకోసారి అనాలనిపించి
ఇంకోసారి అన్నాను.
గంట కొట్టి కదిలించాను.